ఆదాయపు పన్ను రిటర్నుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? విశాఖ జీతగాళ్లకు, పింఛనుదారులకు దశలవారీ మార్గదర్శి

జూన్ మూడో వారం వచ్చిందంటే మా సీతమ్మధార అపార్ట్‌మెంటులో లిఫ్టు దగ్గర నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటే: "ఏ యాప్‌లో వేస్తే మంచిదండీ?" నేను తిరిగి అడుగుతాను: "మీకు ఏ ఫారం వర్తిస్తుంది?" అక్కడితో మాట ఆగిపోతుంది. ఫారం తెలియకుండా సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడమే.

ఇక్కడ చెప్పేదంతా 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అంటే 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరపు రిటర్నుకు వర్తిస్తుంది. వరుస తప్పకుండా చేయండి. మూడో దశ దగ్గరే మీ పని తేలిపోతే నాలుగు, అయిదు దశలతో మీకు పని లేదు.

1. ముందు ఫారం తేల్చుకోండి

ఐటీఆర్-1 (సహజ్): దేశంలో నివాసితులై, మొత్తం ఆదాయం 50 లక్షల లోపు ఉండి, అది జీతం లేదా పింఛను, సొంత ఇల్లు, బ్యాంకు వడ్డీల వరకే అయితే ఇదే. లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభం 1.25 లక్షలు దాటకపోతే అదీ ఇందులోనే చూపవచ్చు. ఉక్కు కర్మాగారం, నేవల్ డాక్‌యార్డు, పోర్టు ఉద్యోగుల్లో, విశ్రాంత ఉద్యోగుల్లో చాలామందికి ఇది చాలు.

ఐటీఆర్-2: షేర్లలో స్వల్పకాలిక లాభం వచ్చినా, స్థలం అమ్మినా, విదేశీ ఆస్తులు ఉన్నా ఇది. రుషికొండలో పనిచేసే ఐటీ ఉద్యోగులు ఒక విషయం గమనించాలి. మీ కంపెనీ మాతృసంస్థ విదేశంలో ఉండి, దాని షేర్లు మీ పేరున ఉంటే అవి విదేశీ ఆస్తి. ఒక్క షేరు ఉన్నా ఐటీఆర్-1 పనికిరాదు.

మర్చంట్ నేవీలో పనిచేసేవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆ ఏడాది దేశంలో 182 రోజులకన్నా తక్కువ ఉండి నాన్-రెసిడెంట్ హోదా వచ్చినవారికి, వడ్డీ తప్ప మరే ఆదాయమూ లేకపోయినా ఐటీఆర్-1 వర్తించదు. నావికులకు తెలిసిన ఆడిటరు దగ్గరికి మొదటి ఏడాదైనా వెళ్లడం మేలు. రోజుల లెక్కలో పాస్‌పోర్టు ముద్రలు, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం) నమోదులు సరిచూడటం ఏ యాప్ వల్లా కాదు.

ఐటీఆర్-4 (సుగమ్): చిన్న దుకాణం, క్లినిక్కు, న్యాయవాద వృత్తి వంటివాటిలో 44ఏడీ, 44ఏడీఏ సెక్షన్ల కింద అంచనా లాభం చూపేవారికి.

ఐటీఆర్-3: ఖాతా పుస్తకాలతో వ్యాపారం చేసేవారికి, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో లావాదేవీలు చేసినవారికి. "సరదాగా నాలుగుసార్లు వేశానండీ" అన్నా అది వ్యాపార ఆదాయమే.

ఇంకొక తికమక ఉంది. ప్రైవేటు కళాశాలలో గెస్ట్ లెక్చరరుగా చేసి, 194జె సెక్షను కింద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోత పడినవారు తమది జీతమే అనుకుంటారు. 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కోసిన పన్నుల పట్టిక) సెక్షను చూడండి. 192 అని ఉంటే జీతం, 194జె అని ఉంటే వృత్తి ఆదాయం.

2. సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేతిలో ఉండవలసినవి

ఫారం 16ను యజమాని జూన్ 15లోగా ఇవ్వాలి. అంతకుముందే మే నెలలో రిటర్ను వేయాలని తొందరపడితే చివరి మూడు నెలల టీడీఎస్ 26ఏఎస్‌లో కనిపించకపోవచ్చు.

☐ ఫారం 16 (ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండూ)

☐ 26ఏఎస్, ఏఐఎస్ (మీ ఆదాయాల గురించి శాఖకు అందిన వివరాల పట్టిక). రెండూ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డు: చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం, మధ్యలో ఖాళీ లేకుండా

☐ డిపాజిట్లు ఉన్న ప్రతి బ్యాంకు, పోస్టాఫీసు, సహకార సంఘం నుంచి వడ్డీ వివరం

☐ షేర్ల బ్రోకరు ఇచ్చే లాభనష్టాల పట్టిక, మ్యూచువల్ ఫండ్లకు క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ (ఫండ్ల ఖాతాల లెక్కలు చూసే సంస్థలు) పట్టిక

☐ పాత పన్ను విధానం (ఇలాంటి తగ్గింపులు ఇచ్చేది) ఎంచుకునే ఆలోచన ఉంటే బీమా, పీఎఫ్, ఇంటి రుణం, అద్దె రశీదులు

☐ కిందటేడు రిటర్ను నకలు (నష్టాలు ముందుకు తెచ్చుకోవాలంటే తప్పనిసరి)

☐ పోర్టల్‌లో ప్రీ-వాలిడేట్ అయిన (ముందే ధ్రువీకరించిన) బ్యాంకు ఖాతా, ఆధార్‌తో జతపడిన పాన్

☐ పోర్టల్‌లో నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు మీవేనా?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా దగ్గరికి వచ్చేవారిలో సగం మందికి చిక్కు ఇక్కడే ఉంటుంది. ఎప్పుడో ఒక నెట్ సెంటరులో రిటర్ను వేయించుకుంటే, అక్కడి కుర్రవాడు తన నంబరే పెట్టేసి ఉంటాడు. ఓటీపీలు అతనికి, నోటీసులు అతని ఈమెయిలుకు. ముందు ప్రొఫైల్‌లోకి వెళ్లి అవి మార్చుకోండి. సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత.

ఇక ఒక తెల్ల కాగితం తీసుకోండి. దానిమీద చేత్తో అయిదు వరుసలు రాయండి: మొత్తం జీతం, మొత్తం వడ్డీ, ఇతర ఆదాయం, మొత్తం టీడీఎస్, మీ అంచనా పన్ను. మొదటి నాలుగూ మీ పత్రాలనుంచే రావాలి. అయిదో వరుసకు పోర్టల్‌లో లాగిన్ లేకుండానే తెరుచుకునే ట్యాక్స్ కాలిక్యులేటర్ వాడండి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా చివర్లో ఈ కాగితంతోనే సరిచూస్తాం.

3. మొదట ప్రభుత్వ పోర్టల్‌నే చూడండి

ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్ పూర్తిగా ఉచితం. రెండు దారులు ఇస్తుంది.

ఒకటి, బ్రౌజరులోనే నింపడం. జీతం, వడ్డీ, టీడీఎస్ చాలావరకు ముందే నిండి ఉంటాయి. మీరు సరిచూసి, దిద్ది, సమర్పిస్తారు. ఐటీఆర్-1కి డబ్బు పెట్టి యాప్ కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రెండోది, శాఖవారి ఆఫ్‌లైన్ యుటిలిటీ. కంప్యూటర్‌లో దించుకుని, పోర్టల్ నుంచి ముందే నిండిన జేసన్ ఫైలు (పోర్టల్ చదవగల డేటా ఫైలు) తెచ్చి అందులో కలిపి, తీరికగా నింపి ఎక్కించవచ్చు. జూలై చివరి వారంలో పోర్టల్ నెమ్మదించినప్పుడు, మధ్యలో కరెంటు పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఫోనులో మాత్రం పనిచేయదు.

కింది వాటిలో ఒక్కటీ మీకు వర్తించకపోతే పోర్టల్‌లోనే పని ముగించండి. ఆరో దశకు వెళ్లిపోండి.

☐ ఏడాదిలో పదులకొద్దీ షేర్ల అమ్మకాలు

☐ విదేశీ షేర్లు, వాటిమీద డివిడెండ్లు

☐ రెండు మూడు ఉద్యోగాలు, వాటితో పాటు మూలధన లాభాలు

☐ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్

☐ అయిదారుగురు కుటుంబ సభ్యుల రిటర్నులు మీరే వేయవలసి రావడం

వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న ఏడాది సంగతి వేరు. ఆ మొత్తంలో సెక్షను 10(10సీ) కింద 5 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది. ఫారం 16లో దాన్ని ఇప్పటికే తీసివేశారో లేదో చూసుకోకుండా సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే, రెండుసార్లు తీసివేయడమో అసలు తీసివేయకపోవడమో జరుగుతుంది. ఆ ఒక్క ఏడాదికి ఆడిటరుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

4. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కావాలనుకుంటే అడగవలసినవి

క్లియర్‌ట్యాక్స్, క్వికో, ట్యాక్స్‌టూవిన్, ట్యాక్స్‌బడ్డీ వంటివి అందరి నోళ్లలో ఉన్న పేర్లు. పేరు చూసి కాదు, మీ పరిస్థితికి అవి ఇచ్చే జవాబు చూసి ఎంచుకోండి.

శాఖ దగ్గర నమోదైనదేనా? ఇలాంటి సంస్థలు ఈ-రిటర్న్ ఇంటర్మీడియరీగా, క్లుప్తంగా ఈఆర్‌ఐగా, నమోదు కావాలి. సంస్థ తన ఈఆర్‌ఐ హోదా ఎక్కడా చెప్పకపోతే అక్కడే ఆపేయండి.

పాస్‌వర్డు అడుగుతోందా, ఓటీపీతో అనుమతి అడుగుతోందా? మీ ఫోనుకు వచ్చిన ఓటీపీతో అనుమతి పొంది వివరాలు తెచ్చుకునేది మేలు. పోర్టల్ పాస్‌వర్డును వాట్సాప్‌లో పంపమనేవారితో బేరమే వద్దు.

మీ ఫారం ఏ ధరలో ఉంది? "ఉచితం" అన్న బోర్డు సాధారణంగా ఐటీఆర్-1 వరకే. మూలధన లాభం ఒక్క వరుస చేర్చగానే చెల్లింపు పేజీ తెరుచుకోవచ్చు. ధరల పట్టికను వివరాలు నింపకముందే చదవండి.

చేసిన పనిని జేసన్ ఫైలుగా ఇస్తుందా? నేనైతే దీనికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేస్తాను. ఫైలు చేతికొస్తే, చివరి నిమిషంలో ఆ యాప్ మొరాయించినా పోర్టల్‌లో మీరే ఎక్కించుకోగలరు. ఇవ్వకపోతే వాళ్ల గుమ్మం దగ్గర కూర్చోవలసిందే.

మీ బ్రోకరు పట్టికను నేరుగా తీసుకుంటుందా? డబ్బిచ్చేదే దీనికోసం. ఒక నెల లావాదేవీలు ఎక్కించి, మొత్తం బ్రోకరు పట్టికతో సరిపోయిందో చూసి అప్పుడు కొనండి.

విదేశీ ఆస్తుల షెడ్యూలు ఉందా? అవసరమున్నవారికి మాత్రమే. అందులో వివరాలు ఆర్థిక సంవత్సరానికి కాక క్యాలెండరు సంవత్సరానికి అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఆ తేడా గుర్తుచేయకపోతే దానికి విషయం తెలియదన్నమాటే.

రిఫండు ఆశ చూపుతోందా? "మీకు ఎక్కువ రిఫండు ఇప్పిస్తాం, అందులో ఇంత శాతం మాది" అన్న మాట వినగానే లేచి రండి. ఫోను పక్కన పెట్టి లేచినా సరే. చేయని విరాళాలు, కట్టని అద్దెలు చూపించి రిఫండు తెచ్చిన వ్యవహారాలపై 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఆదాయాన్ని తప్పుగా చూపితే ఎగ్గొట్టిన పన్నుపై 200 శాతం జరిమానా పడవచ్చు. అది పడేది మీ పాన్ మీద. కమీషన్ తీసుకున్నవాడు అప్పటికి నంబరు మార్చేసి ఉంటాడు.

5. డబ్బు కట్టకముందు నాలుగు లెక్కలతో పరీక్షించండి

చాలా యాప్‌లు చివరి పేజీ వరకు ఉచితంగా వెళ్లనిస్తాయి, లేదా పన్ను కాలిక్యులేటర్ అయినా ఇస్తాయి. మీ సొంత వివరాలు ఇవ్వకుండా కింది లెక్కలు వేసి చూడండి. జవాబు తేడా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఈ ఏడాది నిబంధనలకు ఇంకా మారలేదని అర్థం.

మొదటి లెక్క: మామూలు జీతం. కొత్త విధానం, మొత్తం జీతం 15,00,000. ప్రామాణిక తగ్గింపు 75,000 పోను 14,25,000. నాలుగు లక్షల వరకు పన్ను లేదు. నాలుగు నుంచి ఎనిమిది లక్షలకు 20,000, ఎనిమిది నుంచి పన్నెండుకు 40,000, మిగతా 2.25 లక్షలకు 15 శాతం చొప్పున 33,750. మొత్తం 93,750, నాలుగు శాతం సెస్సు 3,750. జవాబు 97,500 రావాలి.

రెండో లెక్క: పన్నెండు లక్షల గీత (కొత్త విధానంలో అక్కడి వరకు రిబేటుతో జీతం మీద పన్ను సున్నా) దాటినవారు. మొత్తం జీతం 12,85,000. పన్ను పడే ఆదాయం 12,10,000. మామూలుగా లెక్కిస్తే పన్ను 61,500. కానీ గీత దాటింది పదివేలే కాబట్టి మార్జినల్ రిలీఫ్ వర్తించి పన్ను పదివేలకు పరిమితం అవుతుంది. సెస్సుతో కలిపి 10,400 రావాలి. అరవై వేలు దాటి చూపిస్తే ఆ యాప్‌ను వదిలేయండి.

మూడో లెక్క: షేర్లలో స్వల్పకాలిక లాభం. మొత్తం జీతం 10,75,000, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) కట్టిన లిస్టెడ్ షేర్లలో స్వల్పకాలిక లాభం 1,00,000. మొత్తం ఆదాయం పన్నెండు లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా అని చాలామంది అనుకుంటారు. కాదు. కొత్త విధానంలో 87ఏ రిబేటు (పన్ను మాఫీ) జీతం మీది పన్నును తుడిచేస్తుంది గానీ, ప్రత్యేక రేటు పడే లాభం జోలికి పోదు. లాభం మీద 20 శాతం, సెస్సు కలిపి 20,800 రావాలి. కొంతకాలంగా యువ ఉద్యోగులు ఎక్కువగా బోల్తా పడుతున్నది ఇక్కడే.

నాలుగో లెక్క: పాత విధానంలో ఇంటి అద్దె భత్యం. నెలకు మూలవేతనం, డీఏ కలిపి 50,000, హెచ్‌ఆర్‌ఏ 24,000, కట్టే అద్దె 30,000. వచ్చిన భత్యం 24,000. అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేస్తే 25,000. జీతంలో 40 శాతం 20,000. మూడింటిలో తక్కువది 20,000. ఏడాదికి మినహాయింపు 2,40,000 రావాలి. 2,88,000 వచ్చిందంటే విశాఖను మెట్రో నగరాల్లో కలిపేశారన్నమాట. మన ఊరు ఎంత పెరిగినా ఈ లెక్కకు 40 శాతం ఊరే. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ అడగాలి. ఆ గడి లేని సాఫ్ట్‌వేర్‌నూ నమ్మవద్దు.

6. నింపే వరుస

(అ) అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 ఎంచుకోండి. ఈ ఏడాది ఇక్కడ కొత్త తికమక వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2025లో "పన్ను సంవత్సరం" అనే మాట వాడుతున్నారు. పన్ను సంవత్సరం 2026-27 అంటే ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం. మీరు రిటర్ను వేసేది నిరుటి ఆదాయానికి. ఇంకా బాకీ ఉన్న పన్ను కట్టేటప్పుడు ఈ రెండింటినీ కలగలిపితే, కట్టిన డబ్బు వేరే సంవత్సరం ఖాతాలో కూర్చుంటుంది.

(ఆ) ముందే నిండిన వివరాలను తెచ్చుకోండి. ఫారం 16 పీడీఎఫ్‌ను యాప్ చదివినా, అంకెలు మీరు చదవండి.

(ఇ) కాగితం మీది వడ్డీ వరుసతో పోల్చండి. పాత విధానంలో సీనియర్ సిటిజన్లకు డిపాజిట్ల వడ్డీపై 80టీటీబీ కింద 50,000 వరకు తగ్గింపు ఉంటుంది. ముందు వడ్డీ మొత్తం చూపి, తరువాత తగ్గించాలి. నేరుగా తక్కువ వడ్డీ రాయకూడదు. కుటుంబ పింఛను అయితే జీతం కింద కాదు, ఇతర ఆదాయం కింద చూపాలి.

(ఈ) పాత, కొత్త విధానాలు రెండింటిలో పన్ను చూడండి. వ్యాపార ఆదాయం లేనివారు ఏటా మార్చుకోవచ్చు. పాతది కావాలంటే గడువులోగా వేయాలి. గడువు దాటాక వేస్తే కొత్తదే మిగులుతుంది.

(ఉ) ఇంకా కట్టవలసిన పన్ను ఉంటే పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్‌లో కట్టి, చలానా వివరాలు రిటర్నులో చేర్చి, అప్పుడు సమర్పించండి.

(ఊ) చివరి పేజీలో మొత్తం ఆదాయం, పన్ను, టీడీఎస్, మీ కాగితంతో సరిపోయాయా? తేడా వంద రూపాయలు దాటితే ఎందుకో తెలిసేవరకు బటను నొక్కవద్దు.

కొన్నేళ్ల కిందట నేనే ఒక యాప్‌లో పదకొండు నిమిషాల్లో రిటర్ను పూర్తిచేసి మురిసిపోయాను. ఫారం 16ను చక్కగా చదివింది. పచ్చరంగులో "అంతా సరిగా ఉంది" అంది. సహకార బ్యాంకులో మా అమ్మతో జాయింటుగా ఉన్న డిపాజిట్ వడ్డీ అందులో లేదు, ఏఐఎస్‌లో ఉంది. నేను ఏఐఎస్ తెరవనే లేదు. తరువాత వడ్డీతో సహా కట్టవలసి వచ్చింది. తెల్ల కాగితం అలవాటు అప్పుడు మొదలైంది.

7. తరచు జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఏఐఎస్‌లో మీది కాని ఆదాయం కనిపిస్తోంది. అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. ఇచ్చి, దాని నకలు దాచుకోండి. ఊరికే వదిలేస్తే నోటీసుకు ఆహ్వానమే.

టీడీఎస్ ఫారం 16లో ఉంది, 26ఏఎస్‌లో లేదు. సాఫ్ట్‌వేర్ మార్చి ప్రయోజనం లేదు. కార్యాలయ అకౌంట్స్ విభాగంతో టీడీఎస్ రిటర్నును సవరింపజేయాలి.

రెండు ఉద్యోగాలు, రెండు ఫారం 16లు. రెండుచోట్లా ప్రామాణిక తగ్గింపు ఇచ్చి ఉంటారు. రిటర్నులో ఒక్కసారే వస్తుంది. అందుకే చివర్లో ఇంకా కట్టవలసిన పన్ను తేలుతుంది. అది యాప్ తప్పు కాదు.

సమర్పించాక తప్పు తెలిసింది. సవరణ రిటర్ను వేయండి. తొలి రిటర్ను రసీదు సంఖ్య, తేదీ కావాలి. తొలిది ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా, సవరణ పోర్టల్‌లో వేయవచ్చు.

గడువు దాటిపోయింది. ఐటీఆర్-1, 2 వేసేవారికి గడువు జూలై 31. 2025లో దాన్ని సెప్టెంబరు 16 వరకు పెంచారు కదా అని ఈసారీ ఎదురుచూడవద్దు. ఆలస్యంగా డిసెంబరు 31 వరకు వేయవచ్చు గానీ ఆలస్య రుసుము 5,000. మొత్తం ఆదాయం అయిదు లక్షల లోపైతే 1,000. పన్ను బాకీ ఉంటే నెలకు ఒక శాతం వడ్డీ అదనం.

8. సమర్పించాక

"విజయవంతంగా సమర్పించారు" అని యాప్ పూలు జల్లినా పని పూర్తి కాలేదు. 30 రోజుల్లోగా ఈ-వెరిఫై (రిటర్ను మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయాలి. ఆధార్ ఓటీపీతో నిమిషంలో అయిపోతుంది. ఆధార్‌కు పాత నంబరు ఉన్న పెద్దవారికి నెట్ బ్యాంకింగ్ లేదా డీమ్యాట్ ఖాతా ద్వారా చేయవచ్చు. అదీ కుదరకపోతే ఐటీఆర్-వి (రిటర్ను ధ్రువీకరణ పత్రం) ముద్రించి, నీలిరంగు సిరాతో సంతకం పెట్టి, బెంగళూరులోని సీపీసీకి (శాఖ రిటర్నులను పరిశీలించే కేంద్రం) పోస్టులో పంపాలి. అది కూడా 30 రోజుల్లోగా అక్కడికి చేరాలి.

☐ ఐటీఆర్-వి, పూర్తి రిటర్ను పీడీఎఫ్, జేసన్ ఫైలు సొంత కంప్యూటర్‌లో ఒక ఫోల్డరులో

☐ ఆ రోజు తీసిన ఏఐఎస్, 26ఏఎస్ నకళ్లు అదే ఫోల్డరులో

☐ యాప్‌కు ఇచ్చిన అనుమతిని పోర్టల్‌లో రద్దు చేయడం, అవసరం లేకపోతే ఖాతా తొలగించమని కోరడం

☐ తెల్ల కాగితం ఫొటో

కొన్ని రోజులకో వారాలకో 143(1) ఇంటిమేషన్ ఈమెయిలుకు వస్తుంది. నోటీసు వచ్చిందని కంగారు పడి నాకు ఫోను చేసేవారు ప్రతి ఏటా ఉంటారు. అందులో రెండు నిలువు వరుసలుంటాయి: మీరు చూపినది, శాఖ లెక్కించినది. రెండూ ఒకటైతే దాన్ని ఆ ఫోల్డరులోనే పడేయండి. తేడా ఉన్న వరుస కనిపిస్తే కాగితం ఫొటో తెరిచి, ఆ అంకె దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టండి.